ఇంకొక్కసారమ్మ అప్పగింత

ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసిన ఆవిడకు తోటివాళ్ళు పెట్టిన పేరు ఇంకొక్కసారమ్మ. డ్యూటీ మారే వేళ, కొత్తగా వచ్చిన నర్సుతో మంచం మంచం దగ్గరా నిలబడి అన్నీ అప్పగించేది. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరికి సెలైను మార్చాలి, ఎవరు మాత్ర మింగినట్టే మింగి దిండు కింద దాస్తారు, అన్నీ. రిజిస్టరులో సంతకం పెట్టి గేటు దాకా వెళ్ళేది. ఇంకొక్కసారి చూసొస్తానంటూ వెనక్కి వచ్చేది. అప్పగించడమంతా నోటితోనే, మనసు మాత్రం ఒక్క మంచాన్నీ వదిలేది కాదు.

రిటైరయ్యాక ఆ మంచాలన్నీ కలిసి చెల్లెలి నెత్తిన పడ్డాయి. అమ్మ పోయినప్పుడు ఈవిడకు పదహారు, చెల్లెలికి నాలుగు. ఇప్పుడు దానికి యాభై నిండినా, గ్యాసు కట్టావా, గడియ పెట్టావా అని రోజుకు నాలుగు ఫోన్లు. ఆ పోరు పడలేకే చెల్లెలు అక్కను చర్చికి లాక్కెళ్ళింది, ఆ రెండు గంటలైనా ఫోను మోగదని. తీరా చూస్తే అక్కకే అక్కడ ప్రాణం లేచొచ్చింది. ఏడాది తిరిగేసరికి బాప్తిస్మం కూడా తీసుకుంది. పాస్టరుగారు భారం దించుకోవడం గురించి చెబుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఎలా దించుకోవాలో మాత్రం పాపం, తెలిసేది కాదు. వరసగా అందరూ పైకి ప్రార్థన చేస్తూ తన దగ్గరికి వచ్చేసరికి నోటికి తాళం పడేది. "ఆమెన్" అనేసి కూర్చునేది. తల లేదు, మొండెం లేదు, తోక ఒక్కటే.

అలాంటి సమయంలో చెల్లెలి గర్భసంచిలో గడ్డ ఉందని, అక్క పనిచేసిన ఆస్పత్రిలోనే ఆపరేషన్ పెట్టారు. ఏమేం జరగొచ్చో తెలిసినవాళ్ళకు ఉండే భయం తెలియనివాళ్ళకు ఉండదు. వారం రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు.

ఆ ఉదయం స్ట్రెచరు వచ్చింది. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది.

"పాస్టరుగారు నిన్న చేశారు. ఇవాళ నువ్వు ప్రార్థన చెయ్యక్కా. పైకి, నాకు వినపడేలా."

ఆవిడకు పాస్టరుగారి మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. వేళ్ళు మాత్రం అలవాటుగా చెల్లెలి నాడి మీదకి వెళ్ళాయి. దాంతో నోరు దానంతటదే తెరుచుకుంది.

"ప్రభువా, ఏడో నంబరు మంచం. పేషెంటు నా చెల్లెలు. వయసు యాభై. షుగరు ఉంది, అదుపులోనే ఉంది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు. సూదంటే చిన్నప్పటి నుంచి భయం. పైకి నవ్వుతుంది, నమ్మకండి. మెలకువ వచ్చేసరికి పక్కన ఎవరూ లేకపోతే ఏడుస్తుంది. అమ్మ పోయినప్పటి నుంచి దీని డ్యూటీ నాదే. ఒక్కరోజు సెలవు పెట్టలేదు." చెల్లెలి దుప్పటి సరిచేసింది. "నన్ను తలుపు దాకే రానిస్తారు. అక్కడి నుంచి మీరు చూసుకోండి. అప్పగిస్తున్నాను. ఆమెన్."

స్ట్రెచరు పట్టుకున్నతను, తనకే చెప్పిందనుకున్నాడో ఏమో, "సరే సిస్టర్" అన్నాడు.

థియేటరు తలుపులు మూసుకున్నాయి. లోపలి నర్సులంతా తెలిసినవాళ్ళే, ఒక్కమాట అంటే తొంగి చూడనిస్తారు. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది కూడా. తను గేటు నుంచి వెనక్కి వచ్చినప్పుడల్లా డ్యూటీలో ఉన్న పిల్ల ముఖం ఎంత చిన్నబోయేదో అప్పుడు గుర్తొచ్చింది. నమ్మి అప్పగించాక మళ్ళీ చూడటం ఏమిటి? చెయ్యి తీసేసింది. వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

రెండు గంటల తర్వాత నర్సు బయటికి వచ్చి ఏడో నంబరు తాలూకు ఎవరని నాలుగుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. పక్కనున్నావిడ కుదిపి లేపాల్సి వచ్చింది.

లోపలికి వెళ్ళేసరికి చెల్లెలికి మెలకువ వచ్చేసింది. ఒక నర్సు పక్కనే కూర్చుని దాని చెయ్యి పట్టుకుని ఉంది.

"ఆపరేషన్ బాగా జరిగిందటక్కా," అంది చెల్లెలు నీరసంగా. "ఇంతకీ మత్తు నాకిచ్చారా, నీకిచ్చారా?"

సాయంత్రం పేషెంట్ల తాలూకువాళ్ళందరినీ ఇళ్ళకు పంపేశారు. ఆవిడ గేటు దాకా వెళ్ళింది. అలవాటు కొద్దీ ఆగింది. గేటు దాటి బస్సెక్కింది.