మేష్టారి శ్రుతి

గడ్డం గీసుకుంటున్న గుమాస్తా ఒక చెంప పూర్తిచేసి, రెండో చెంప నురగతో అలాగే వదిలేసి, మంచం మీదున్న సంచీ దగ్గరికి వెళ్ళాడు. సంచీలో రెండు వేణువులున్నాయి. ఒకటి చేతి చెమటకు నల్లబడిన పాతది. రెండోది ఈ మధ్యే కొన్నది. కొత్తదాన్ని పాత పేపరులో చుట్టి, దాని మీద మళ్ళీ తువ్వాలు చుట్టాడు.

"ముందు మొహం సంగతి చూడండి, సబ్బు ఎండిపోతోంది," అంది భార్య వంటింటి గుమ్మంలోంచి. "అయినా సవతిని తెచ్చి దాచినట్టు ఆ దాపరికమేమిటండీ?"

"నీకు తెలీదులే."

"తెలీకేం! నేను బజారుకెళ్ళినప్పుడల్లా తలుపులేసుకుని వాయిస్తున్నారని పక్కింటి పిన్నిగారు చెప్పనే చెప్పింది. ఇవాళ వెళ్తారా, వెళ్ళరా? రాత్రి నుంచి ఒకసారి అవునంటారు, ఒకసారి కాదంటారు."

"చూద్దాం," అంటూ అతను అద్దం దగ్గరికి వెళ్ళిపోయాడు.

బుధవారం సాయంత్రమైతే నలుగురు స్నేహితులు టైలరు కొట్లో కూర్చోవడం ఏళ్ళనాటి అలవాటు. టైలరు తబలా వాయిస్తాడు, పోస్ట్‌మాన్ పాడతాడు, గుమాస్తా వేణువు ఊదుతాడు. అందుకే వాళ్ళతన్ని గాలిగాడంటారు. హార్మోనియం డ్రాయింగు మేష్టారిది. ఆయన పెట్టె పాతదై, శ్రుతి కిందికి దిగిపోయింది. ఇటు ఒక మెట్టూ కాదు, అటు ఇంకో మెట్టూ కాదు. బాగు చేయించమంటే మేష్టారు వినేవాడు కాదు. "నలుగురం కలిసి ఒకే తప్పు చేస్తే దాన్ని తప్పనేవాడెవడ్రా?" అనేవాడు. చివరికి గుమాస్తా ఆ శ్రుతికే వేణువు చేయించుకున్నాడు. చేసినవాడు నెత్తి కొట్టుకుని, "ఇది ఇంకెవరి పక్కనా పలకదండీ," అని ముందే చెప్పాడు. ఇంకెవరి పక్కన వాయించబోతాను గనక, అనుకున్నాడతను.

మొన్న వానాకాలంలో మేష్టారు పోయాడు. నిద్రలోనే పోయాడు, ఎవరికీ చెప్పకుండా. కొట్లో కూర్చోవడం ఆగిపోయింది. పెట్టె ఎవరికో వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళకి పోస్ట్‌మాన్ బావమరిది, మందుల షాపాయన, కీబోర్డు పట్టుకుని ఇవాళ వస్తానన్నాడు. దాని పక్కన పాత వేణువు పనికిరాదు. కొత్తది ఊదితే మేష్టారిని రెండోసారి సాగనంపినట్టుంటుంది. వెళ్ళకపోతే? ముగ్గురిలో ఒకడు మానేస్తే మిగతా ఇద్దరూ మానేస్తారు, ఇక ఆ కొట్లో బట్టలు కుట్టడమే మిగులుతుంది. పొద్దుటి నుంచి అతన్ని తినేస్తున్నది ఇదే.

ఆఫీసులో అతనిది ఉత్తరాలు పంపే సీటు. కాగితం మడిచి కవర్లో పెట్టడం, గమ్ము రాయడం, అడ్రసు చూసి స్టాంపు అంటించడం. కళ్ళు మూసుకుని చెయ్యగల పని. ఆ రోజు కళ్ళు తెరిచే తప్పుల మీద తప్పులు చేశాడు. గమ్ము బుడ్డిలో కలం ముంచాడు. రూళ్ళకర్ర మీద వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. కొత్త వేణువు కాస్త పొట్టి, రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వేళ్ళు మాత్రం పాత చోటికే పరిగెడుతున్నాయి, అద్దెకున్న ఇల్లు మారినవాడు మరుపున పాత గుమ్మం తట్టినట్టు.

సూపరింటెండెంటు వచ్చి ఒక కవరు ఎత్తి వెలుతురుకు పట్టింది.

"ఏమండీ, ఇందులో ఉత్తరమేదీ?"

"ఉందండీ."

"గాలి ఉంది. ఇప్పటికి మూడు ఖాళీ కవర్లు అంటించారు. పై ఆఫీసుకి మన ఊపిరి పంపిద్దామనా?"

పక్క సీట్లవాళ్ళు పక్కున నవ్వారు. ఆమె గొంతు తగ్గించి, "ఒంట్లో బాలేకపోతే వెళ్ళండి," అంది.

"ఒళ్ళు బాగానే ఉందండీ," అన్నాడు గాని, అయిదు కాకుండానే లేచాడు.

బస్సెక్కలేదు, నడిచాడు. ఇంటివైపు తిరిగే మూల దాకా వచ్చి ఆగాడు, వెనక్కి తిరిగాడు, మళ్ళీ ఆగాడు. కూరగాయల బండి ఆమె, "బాబూ, ఏదో ఒక పక్కకి జరగండి, బండి పోవాలి," అంది. బండికి దారిచ్చి జరిగినవాడు ఆ ఊపులోనే టైలరు కొట్టువైపు నడిచాడు.

టైలరు కుట్టుమిషన్లు గోడకి జరిపి చాప పరుస్తున్నాడు. "వచ్చావురా గాలీ! రావనుకుని నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాను. దండగైపోయింది."

"దాచుకో, అవసరం పడుతుంది," అన్నాడు పోస్ట్‌మాన్.

మందుల షాపాయన మంచివాడు. కీబోర్డు తెచ్చి ఇస్త్రీబల్ల పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అది మేష్టారి చోటు. ఆ సంగతి ఆయనకి తెలీదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గుమాస్తా తువ్వాలు విప్పి, పేపరు విప్పి, కొత్త వేణువు బయటికి తీశాడు. తబలా శ్రుతి చేస్తున్న టైలరు చేతిలో సుత్తి ఆగింది. "ఓరి దొంగా, ఎప్పుడు కొన్నావ్?" అన్నాడు. తర్వాత మెల్లిగా సుత్తితో తట్టి తబలా పైకి బిగించాడు. కీబోర్డు, వేణువు, తబలా మూడూ కలిశాయి. పోస్ట్‌మాన్ గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

మొదటి చరణం బాగానే ఉంది. రెండోదానికి వచ్చేసరికి గొంతు కిందికి జారింది. జారి జారి, సరిగ్గా మేష్టారి పెట్టె ఎక్కడ పలికేదో అక్కడ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడికే.

"నువ్వు పాడటం లేదురా," అన్నాడు టైలరు. "నీ మెడలో కూర్చుని ఆయన పాడుతున్నాడు."

పోస్ట్‌మాన్ నవ్వబోయి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బావగారూ, దానికేముంది," అన్నాడు మందుల షాపాయన. "ఈ బటను నొక్కితే శ్రుతి ఎంతంటే అంత దిగుతుంది." నొక్కుతూ ఒక్క స్వరం పట్టుకున్నాడు. అది దిగింది, దిగి సరిగ్గా ఆ చోటికే వచ్చింది.

పొద్దుటి నుంచి గుమాస్తా మనసు కొట్టుకున్నది ఈ శ్రుతి కోసమే. ఇప్పుడు సంచీలోంచి పాత వేణువు తీస్తే చాలు, అన్నీ పూర్వంలాగే ఉంటాయి. కానీ ఆ స్వరంలో పెట్టె గురక లేదు, మేష్టారి దగ్గు లేదు, తిత్తి నొక్కినప్పుడు వచ్చే పాత చెక్క మూలుగు లేదు. చచ్చిపోయినవాడి చొక్కా ఎవరో ముక్కూమొహం తెలీనివాడు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డట్టుంది. టైలరు సుత్తి కింద పెట్టేశాడు.

"వద్దు, తీసెయ్యండి," అన్నాడు గుమాస్తా. గొంతు కీచుగా వచ్చింది. "పైకే పెట్టండి. వీడి సంగతి నేను చూస్తాను."

లేచి వెళ్ళి పోస్ట్‌మాన్‌కి భుజం తగిలేలా కూర్చుని, వేణువు అతని చెవి దగ్గరగా పెట్టి ఊదాడు. జారినప్పుడల్లా మోచేత్తో పొడిచాడు.

"ఒరేయ్, పక్కటెముకలు విరుగుతాయి!"

"విరగనీ. పైకి రా."

అతని వేళ్ళు కూడా తప్పాయి, ఒకటికి రెండుసార్లు పాత చోట పడ్డాయి. పోస్ట్‌మాన్ అదే అదనుగా తిరిగి పొడిచాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా పాట చివరిదాకా చేరలేదు. ఒకసారి మాత్రం, రెండో చరణం సగం దాకా, నలుగురూ ఒకే శ్రుతి మీద నిలబడ్డారు.

వీధి దీపాలు వెలిగాక టైలరు చాప చుడుతూ, "కుదరలేదురా. సరే, వచ్చే బుధవారం చూద్దాం," అన్నాడు.

"వారం ఆగితే వీడు మళ్ళీ పాతాళానికి దిగిపోతాడు," అన్నాడు గుమాస్తా, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "రేపే రండి."

"రేపు నాకు కుట్టుపనుంది!"

"నువ్వు కుట్టుకుంటూ ఉండు. మేం పాడుకుంటాం."