కుడివైపు డాక్టరుగారు

అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీల పక్కనే ఇంకా పత్తి చేలుండే కాలం అది. సాయంత్రం డ్యూటీ దిగి బయటికొస్తే ఎండ తగ్గేది కాదు గానీ, చేలకి పెట్టిన నీళ్ళ వాసన మాత్రం వచ్చేది. ఆ వాసనకి మనిషికి ఏవేవో చేసెయ్యాలనిపిస్తుంది. నా తోటి బ్రహ్మచారులకి పెళ్ళి చేసుకోవాలనిపించేది. నాకేమో కారు రేసుల్లో దిగాలనిపించింది. పగలంతా నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల ముసుగు తొడుక్కుని, దుమ్ము రేణువు కూడా ఉండకూడని గదిలో, గట్టిగా తుమ్మితే ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ పనిచేసేవాడికి, శనివారం సాయంత్రం అయ్యేసరికి పొగా దుమ్మూ మింగుతూ గుండ్రంగా తిరగాలని ఎందుకనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఊరి బయట చిన్న ట్రాక్ ఒకటి ఉండేది. మామూలు అమెరికన్ కార్లకే సీట్లూ అద్దాలూ పీకేసి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బాట మీద ఎప్పుడూ ఎడమకే తిప్పుతూ పరిగెత్తిస్తారు. స్టాక్ కార్ రేసంటే అంతే. నేనూ ఓ ముసలి కారు కొని, అందులో కూర్చుని, నా అంతవాడు లేడనుకున్నాను. తీరా చూస్తే కారు నడిచేది పెట్రోలుతో కాదు, టైర్లతో. ఇట్టే అరిగిపోయేవి. ట్రాక్ మేనేజర్ నా టైర్లని బూటుతో తన్ని చూసి, "స్పాన్సర్‌నైనా పట్టుకో, ఇంట్లోనైనా కూర్చో" అనేశాడు. స్పాన్సర్ అంటే డబ్బిచ్చి కారు మీద తన పేరు రాయించుకునే దాత. నాకు తెలిసిన అమెరికా మొత్తం కలిపితే ఏడెనిమిది తెలుగు కుటుంబాలు. వాళ్ళనే పట్టుకున్నాను.

అందరూ తలో గిన్నె తెచ్చుకుని కలిసి తినే ఓ ఆదివారం మధ్యాహ్నం, పెరుగన్నం దాకా ఆగి విషయం బయటపెట్టాను. ఎవరూ నవ్వలేదు (నవ్వితే బాగుండునని అప్పుడనిపించింది). చివరికి పళ్ళ డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఇంకొకళ్ళని నోరు తెరవమనడమే తప్ప తాను తెరవరని మేం చాటున అనుకునేవాళ్ళం. అంతటి మితభాషి.

"జనానికి ఏ సైడ్ కనిపిస్తుంది?" అన్నారు.

"కుడివైపండీ. మేం ఎడమకే తిరుగుతాం, జనం బయటివైపు కూర్చుంటారు కదా."

"అయితే రైట్ సైడ్ నాకు."

ఇంట్లోనే ఆవకాయ పెట్టి మాలాంటి బ్రహ్మచారులకి అమ్మే పచ్చళ్ళ పిన్నిగారు వెంటనే అందుకున్నారు. "మరి ఎడమవైపు ఎవరు చూస్తారు నాయనా?"

"లోపల అంబులెన్స్ వాళ్ళూ, చెడిన కార్లు లాక్కుపోయే టో ట్రక్ వాళ్ళూ ఉంటారు పిన్నిగారూ."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "వాళ్ళు మాత్రం అన్నం తినరా ఏం? రాయించు."

అలా నా కారు కుడి తలుపు మీద నవ్వుతున్న పెద్ద తెల్లటి పన్ను, దాని కింద డాక్టరుగారి పేరు, ఎడమ తలుపు మీద ఆవకాయ జాడీ వెలిశాయి. కుడివైపున జనంతో పాటు కాంక్రీటు గోడ కూడా ఉంటుందన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు (వాళ్ళడగలేదు). మొదటి శనివారమే మలుపులో కారు గోడకి రాసుకుంది. పన్నూ పోయింది, పేరూ పోయింది. ఆవకాయ జాడీ చెక్కుచెదరలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారు రంగు డబ్బాలూ కుంచెలూ పట్టుకుని మా ఇంటికి దిగారు. క్లినిక్‌లో పెట్టుకునే మాస్కు మూతికి కట్టుకుని, కారు పక్కన గొంతుక్కూర్చుని, పుచ్చిన పన్ను పూడుస్తున్నంత శ్రద్ధగా బొమ్మ మొత్తం మళ్ళీ వేశారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. "డాక్టరుగారూ, నేను పెయింటర్ చేత రాయిస్తాను, వదిలెయ్యండి" అంటే, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి ఎన్ని అర్థాలున్నాయో అని వారమంతా మథనపడ్డాను. పై శనివారం మళ్ళీ గీసుకుపోయింది. ఆదివారం మళ్ళీ ఆయన, మళ్ళీ గొడుగు. ట్రాక్‌లో మైకు పట్టుకున్నవాడు నాకు టూత్ ఫెయిరీ అని పేరు పెట్టాడు (పిల్లల ఊడిన పళ్ళు పట్టుకుపోయే దేవతట).

ఇక్కడ నా జబ్బు గురించి చెప్పాలి. దాని పేరు మొహమాటం. మా ఇంటి మగవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. విస్తట్లో వద్దన్నది వడ్డించినా తినేస్తాం. అంత పెద్దమనిషి ఎండలో మాడుతూ వేసిన బొమ్మని గోడకి రాయడానికి నాకు చేతులు రాలేదు. గోడకి దూరంగా నడపడం మొదలుపెట్టాను. దాంతో ఐదోవాడిగా వచ్చేవాణ్ణి కాస్తా ఎనిమిదికి దిగిపోయాను. పన్ను మాత్రం తళతళలాడుతుండేది. ఆదివారాలు డాక్టరుగారు డబ్బాతో వచ్చేవారు, తలుపు కేసి చూసేవారు, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. పాపం, ప్రాణం కుదుటపడి ఉంటుందనుకున్నాను.

సీజన్ ఆఖర్లో, పెద్ద రేసులకి కార్లు పంపే ఓ గరాజ్ ఓనర్ నన్ను పిలిచాడు. "మొదట్లో గోడ పక్కన భలే నడిపావు. ఆఖరి రేసులో మొదటి ముగ్గురిలో రా, వచ్చే ఏడాది నా రెండో కారు నీకిస్తాను." ఆ వారం నేను నేల మీద నడవలేదు. ముసుగు తొడుక్కుని ఫ్యాక్టరీలో నిలబడ్డ చోటే కలలు కన్నాను. ఊరూరా ట్రాకులు, సాయంత్రాలు, నా పేరు పిలుస్తున్న మైకులు. ఉద్యోగం వదిలేస్తానని తోటివాళ్ళకి చెప్పేశాను కూడా (వీసా ఆ ఉద్యోగం మీదే ఉందన్న సంగతి గుర్తే లేదు).

ఆఖరి రేసు సాయంత్రం కొండలు వంకాయ రంగుకి తిరిగాయి. ఇంజన్ల హోరు ఎక్కువయ్యేకొద్దీ లోపల ఏదో నిశ్శబ్దం పరుచుకుంటుంది. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నట్టుంటుంది. అలా తేలుతూనే నాలుగో స్థానానికి వచ్చేశాను. ఆఖరి రౌండులో మూడోవాడు మలుపులో కాస్త లోపలికి జరిగాడు. వాడికీ గోడకీ మధ్య సందు తెరుచుకుంది. నా కారు పట్టేటంత సందు, కాకపోతే గోడకి ఒరుసుకుంటూ పోవాలి. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. కళ్ళ ముందు మాస్కు కట్టుకున్న డాక్టరుగారు, చెమటతో తడిసిన ఆయన చొక్కా వీపు కనిపించాయి. కాలు లేచింది. సందు మూసుకుపోయింది.

నాలుగోవాణ్ణి. ఓనర్ మూడోవాడి భుజం మీద చెయ్యేసుకుని వెళ్ళిపోతున్నాడు. డాక్టరుగారు మెట్లు దిగి వచ్చి, కారు కుడి తలుపుని చేత్తో తడిమారు.

"ఒక్క గీతైనా పడలేదే."

"జాగ్రత్తగా నడిపానండీ. మీరంత కష్టపడి వేశారని..."

"ఆ గ్యాప్ కనపడలేదా?"

"కనపడిందండీ."

ఆయన తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "వీక్ అంతా నన్ను చూసి భయపడే నోళ్ళే కదయ్యా నేను చూసేది. నా చేత్తో వేసింది ఆ గోడకి గీసుకుంటుంటే నేనూ నీతో పాటు రేస్‌లో ఉన్నట్టుండేది. నువ్వు గీకించుకొస్తేనే కదా నాకు సండే పని?"

ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. హెల్మెట్ తియ్యకుండా ఏడ్చాను.

ఆ చలికాలంలో కారు అమ్మేశాను. కొనడానికొచ్చినాయన చుట్టూ తిరిగి చూసి, "ఇంత నీట్‌గా ఉంచిన రేస్ కారు నేనెక్కడా చూళ్ళేదు" అని మెచ్చుకున్నాడు. థాంక్స్ చెప్పాను. ఇప్పటికీ ఒక్కోసారి మధ్యాహ్నం పడక్కుర్చీలో కన్ను మూతపడితే ఆ మలుపు వస్తుంది, ఆ సందు తెరుచుకుంటుంది. స్టీరింగ్ పట్టుకున్న ఆ కుర్రాణ్ణి వెళ్ళరా అంటాను. వాడు వినడు, కాలు తీసేస్తాడు. తిడదామనే అనుకుంటాను. కానీ పెద్దాయన వేసిన పంటి బొమ్మకి దెబ్బ తగులుతుందని జీవితంలోని ఒకే ఒక్క అవకాశం వదులుకున్న వెర్రివాణ్ణి ఏమని తిట్టను? నవ్వొచ్చేస్తుంది. వాడి మీద కాస్త ముద్దు కూడా వస్తుంది.