మామ పెట్టిన ముప్పై సెకన్లు

మా పక్కింటి డీటీపీ మామ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బేతంచెర్ల స్టేషన్లో కాలేజీకి పోయే రైలు కోసం నిలబడి ఉన్నాను. గుండెపోటట. ఏడుపు తరువాత వచ్చింది. ముందు వచ్చింది భయం. అంతకుముందు ఆదివారమే ఆయన కంప్యూటర్లో, ఆన్ చెయ్యగానే వచ్చే బూట్ మెనూను నేను మార్చాను.

ఆ కంప్యూటర్లో రెండు వ్యవస్థలు ఉండేవి. నాకు కంప్యూటర్ పాఠాలు చెప్పేది లైనక్స్‌లో. పెళ్లి కార్డులు, చర్చి పాటల కాగితాలు చేసేది పాత విండోస్‌లో. ఆయనకు ఇష్టమైన తెలుగు ఫాంట్లు దాంట్లోనే ఉన్నాయి. ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చి, ఎందులోకి పోవాలో అడిగేవి. ఇంగ్లీషు అక్షరాలతో ఆ పేర్లు మామే పెట్టాడు: ‘పాప చదువు’, ‘కార్డుల పని’. ఎంచుకోవడానికి ముప్పై సెకన్ల గడువు.

“అయిదు చాలదా మామా?” అన్నాను ఒకసారి, ఆయన కీబోర్డు మీద పడ్డ, ఊళ్లో బండల ఫ్యాక్టరీల దుమ్ము తుడుస్తుంటే.

“కార్డుల పని నొక్కేది మీ అత్త గదా, కండ్లద్దాలు ఎతుక్కోవద్దా? ముక్కు మీదే పెట్టుకోని ఇల్లంతా ఎతుకుతాది.”

“నీ లుంగీ యాడుండాదో మాత్రం నన్నే అడుగుతావు!” అంది లోపలినుంచి అత్త.

ఏ ఫైలు ముట్టుకోవాలన్నా ముందు దానికొక కాపీ తీసేవాడు. “మన చేతుల్ని మనమే నమ్మగూడదు పాపా” అనేవాడు. పేర్లు మూల ఫైల్లోనే రాయాలనీ, దాన్నుంచి తయారైన మెనూ మీద రాస్తే అప్‌డేట్ వచ్చినప్పుడు మెనూ మళ్లీ తయారై, రాసింది చెరిగిపోతుందనీ చెప్పాడు. అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకుని కూడా, ఆదివారం ఆయన అన్నానికి లేచినప్పుడు, మూల ఫైల్లోంచి ‘కార్డుల పని’ తీసేసి, తయారైన మెనూలో ‘అక్షరశాల’ అని రాశాను. ఆ మాట ఆ వారమే నాకు దొరికింది. ఆగలేకపోయాను.

“పేరు శానా బాగుండాది. యాడ రాసినావు?” అన్నాడు.

“నువ్వు చెప్పిన చోటే మామా.”

సమాధి అయిన మూడో రోజు అత్త పిలిచింది. జ్ఞాపకార్థ కూడిక కార్డు మామ వాడే అక్షరాల్లోనే రావాలని ఆమె కోరిక. ఆన్ చేస్తే తెర మీద ‘పాప చదువు’ ఒక్కటే ఉంది. ఆఖరి సాయంత్రం మామ లైనక్స్‌లో కూర్చున్నాడట. అప్పుడే అప్‌డేట్ వచ్చి నా రాతను తుడిచేసినట్టుంది.

“కార్డులది యాడ పాయ పాపా? మీ మామతోపాటే పాయనా?”

చేసింది చెప్పాను. మామతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. అత్త కుర్చీ నావైపు జరిపింది. “కూచో. చూడు.”

మూల ఫైలు పక్కన ఒక కాపీ ఉంది. ఆదివారం పొద్దున, నేను రాకముందే మామ తీసిందని దాని పక్కనున్న టైము చెబుతోంది. మామ నా చేతుల్ని కూడా నమ్మలేదు. నమ్మనందుకు ఒక మనిషికి ఇంతగా దండం పెట్టుకోవడం నాకదే మొదలు. ముందు ఇంకో కాపీ తీశాను. తరువాత మామ కాపీలోని ‘కార్డుల పని’ వరుసలను ఉన్నదున్నట్టు మూల ఫైల్లో పెట్టి, మెనూను మళ్లీ తయారు చేయించి, రీస్టార్ట్ చేశాను.

నల్లటి తెర. రెండు పేర్లూ వచ్చాయి. కింద ముప్పై, ఇరవై తొమ్మిది.

“ఉండు పాపా, నేను నొక్కుతా” అంటూ అత్త బల్లంతా తడుముతోంది. కండ్లద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.