చల్లటి ఉత్తరం

చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కల్వర్టు ఉంది. ఆ చుట్టుపక్కల ఫోనుకు సిగ్నల్ అందే చోటు అదొక్కటే. పొద్దున్నే దాని మీద కూర్చుంటే ముందు మంచు కనిపిస్తుంది, తర్వాత మంచులోంచి టేకుచెట్లు, ఆ తర్వాత ఎప్పటికో రోడ్డు. ఆ చలికాలమంతా నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అన్ని రోజులూ కలిసిపోయి ఒకటే పొద్దున అనిపిస్తుంది, ఎండ రావడం మర్చిపోయిన పొద్దున. నా పక్కన శాలువా కప్పుకుని ఒక అక్క కూర్చునేది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఆ ఊళ్లో విస్తర్లు కుట్టే ఆడవాళ్ల సంఘానికి ఆమె పెద్ద. అడవిలోంచి అడ్డాకులు తెచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి, మిషన్ మీద ఒత్తి పెట్టేవాళ్లు. నేను భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. బడి మూతపడ్డాక ఈ విస్తర్లు అమ్మిపెట్టే పని ఒప్పుకున్నాను, అమ్మడమంటే ఏమిటో తెలియకుండానే. పాత వ్యాపారి ప్లాస్టిక్ ప్లేట్లకు మారిపోయాడు. షెడ్డులో విస్తర్లు పైకప్పు దాకా పేరుకుని ఉన్నాయి. తలుపు తీస్తే ఎండుటాకు వాసన వచ్చి మీద పడేది. ఆ వాసన నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అవి అమ్ముడుపోకపోతే అక్క మిర్చి కోతలకు పోవాలి. ఆమె భయమంతా అదే. అక్కకు ఒక్కతే కూతురు, భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ప్రతినెలా రెండో శనివారం తల్లిదండ్రులు పోయి పిల్లల్ని చూసి రావచ్చు. నిరుడు అక్క ఊరివాళ్లతో కలిసి వైరా వైపు కోతలకు పోయింది. కోతలు మొదలైతే ఎండాకాలం దాకా తిరిగి రావడం ఉండదు. ఆ నెలల్లో ఒక్క శనివారమూ కూతురి దగ్గరికి పోలేకపోయింది. పిల్ల జడ వేసుకుని గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడేదని వార్డెనమ్మ తర్వాత చెప్పిందట. ఈసారి కోతలకు పోనని అక్క కూతురికి మాటిచ్చింది. కూలీలను కోతలకు తీసుకుపోయే మేస్త్రీ బండి ఊళ్లోకి వచ్చేలోగా ఎవరో ఒకరు విస్తర్లు కొంటామనాలి.

హైదరాబాదులో సేల్స్ ఉద్యోగం చేసే మా పెద్దనాన్న కొడుకు ఫోనులో ఉపాయం చెప్పాడు. క్యాటరింగ్ వాళ్లకు, ఫంక్షన్ హాళ్లకు కోల్డ్ మెయిల్స్ పంపమన్నాడు. అంటే ముఖపరిచయం లేనివాళ్లకు మా సరుకు కొనండని రాయడం. పిలవని పేరంటానికి పోవడమన్న మాట. అయితే దేనిలోంచి పంపుతామన్నదే అసలు సంగతట. తప్పుడు చోటు నుంచి పంపితే ఉత్తరం తెరవకముందే స్పామ్‌లో పడుతుందని, తిన్నగా చూసి ఎంచుకోమని చెప్పి ఫోను పెట్టేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నేను ఎంచుకోవడం మొదలుపెట్టాను. ఒకటి ఉచితంగా దొరికే మెయిల్ సర్వీసు, కాలేజీ రోజుల నుంచీ నాకున్నదే. రెండోది నెలనెలా కిరాయి కట్టేది. అందులో మన సంఘం పేరుతోనే అడ్రసు ఉంటుంది గానీ రోజుకు కొన్నే పంపనిస్తుంది. మూడోది ఒక్క నొక్కుతో వేలమందికి పంపేది. ఒక్కోదాని గురించి చదువుతుంటే అదే మంచిదనిపించేది. చర్ల దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే మా ఆయన నేను సంఘానికి అడ్రసు పేర్లు రాసి కొట్టేయడం చూసి, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాడు. ఆ పూట ఆయనకు నిన్నటి పచ్చిపులుసే పెట్టాను.

నా మనసు మూడోదాని మీదే ఉంది. రోజులు దగ్గరపడుతున్నాయి. వెయ్యి ఇళ్ల తలుపులు ఒకేసారి తడితే ఒక్కరన్నా తీయరా అనుకున్నాను. ఆ మాటే కల్వర్టు మీద అక్కకు చెప్పాను. కోల్డ్ మెయిల్ అంటే ఏందని అడిగింది. కోల్డ్ అంటే చల్లనిది, మెయిల్ అంటే ఉత్తరం అన్నాను.

“సల్లటి ఉత్తరమా? మంచిగుంది చెల్లే. అందరిని సల్లగుండమని రాస్తున్నవన్నట్టు” అంది.

కాదక్కా, ఇంగ్లీషులో చల్లన అంటే దీవెన కాదు, పరిచయం లేకపోవడం అని చెప్పబోయాను. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. చల్లని చేయి, చల్లని మాట, నీ కడుపు చల్లగా అనుకుంటూ పెరిగినదాన్ని, ఆ మాటను వేరేగా ఎట్లా చెప్పను? మే నెలలో ఇక్కడి ఎండల్లో బతికి చూసినవాళ్లకు చల్లదనం కంటే పెద్ద దీవెన ఏముంటుంది?

కొత్త అడ్రసును ముందు కొన్నాళ్లు వెచ్చబెట్టాలని కూడా చెప్పాను. తెలిసినవాళ్లకు నాలుగు ఉత్తరాలు రాసి, వాళ్లతో జవాబులు రాయించుకుంటే ఈ అడ్రసు మంచిదేనని అవతలివాళ్ల మెయిల్ నమ్ముతుందట. అక్క శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చల్లటి ఉత్తరాన్ని వెచ్చబెట్టుడేందని అడిగింది. షెడ్డుకు పోయాక ఆ మాటే కోయ భాషలో మిగతావాళ్లకు చెప్పింది. అందరూ ఆకులు పక్కన పెట్టి మరీ నవ్వారు. నాకు కోయ రాదు, నన్ను చూసే నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. మూతి ముడుచుకుని బయటికి వచ్చాను గానీ, దారి పొడవునా నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు వేలమందికి పంపేదానికే డబ్బు కట్టేద్దామని కార్డు తీశాను. అక్క నా చేతిని పట్టుకోలేదు, వద్దనలేదు. ఊరికే మంచులోకి చూస్తూ అడిగింది.

“వెయ్యిమందిని ఒక్కపారే సల్లగుండమంటే ఎవలికి తగుల్తది చెల్లే?”

నాకు ఒళ్లు మండింది. మా పాస్టర్ గారు ఆదివారం ఆరాధన అయ్యాక చేతులు ఎత్తి చర్చిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి దీవెన చెబుతారు, అది తగలడం లేదా అన్నాను.

“వాళ్లు ఎదురుంగ కూసుంటరు గద” అంది.

కార్డు మళ్లీ పర్సులో పెట్టేశాను. పైగా ఆ మూడోదాని షరతులు చివరి దాకా చదివితే, పదిమంది విసుక్కుని ఫిర్యాదు చేస్తే అడ్రసు మూసేస్తామని రాసి ఉంది. ఉచితమైనదానికి మర్యాద లేదు, గుంపుగా పంపేదానికి మొహం లేదు. నెలకు కిరాయి కట్టేదే తీసుకున్నాను. అందులో తెలుగు అక్షరాలు చెదరకుండా పోతున్నాయి, అదొక్కటి నాకు నిజంగా నచ్చింది. కొన్నాళ్లు బంధువులకు రాసి జవాబులు తెప్పించుకుని, వెచ్చబెట్టడం అయ్యాక మొదలుపెట్టాం.

ప్రతి ఉత్తరం మొదట్లో “మీరు, మీ ఇల్లు చల్లగా ఉండాలి” అని రాశాను. తర్వాత మా ఊరు, మా ఆకు, మా విస్తర్లు. అంతే. నేను పేరు, ఊరు చదివేదాన్ని, అక్క ఆ ఊరు ఏ దిక్కున ఉందని అడిగేది. పాల్వంచ అంటే అటు, సత్తుపల్లి అంటే ఇటు. ఆ దిక్కుకు తిరిగి పెదవులు కదిపేది. అప్పుడు నేను నొక్కేదాన్ని. మంచులో ఆమె ఊపిరి తెల్లగా కనిపించి కరిగిపోయేది. ఉత్తరం పోయిన చప్పుడు ల్యాప్‌టాప్‌లో చిన్నగా వినిపించేది. ఎవరో ఎక్కడో దాన్ని తెరుస్తున్నట్టు, వాళ్ల గదిలోకి మా మంచు కొంచెం పోయినట్టు అనిపించేది. ఒక్కోసారి మేమిద్దరం ఏ పని మీద వచ్చామో కూడా మర్చిపోయి అట్లాగే కూర్చుండిపోయేవాళ్లం.

జవాబులు రాలేదు. గోడకు చెప్పుకున్నా కనీసం ప్రతిధ్వని వస్తుంది. చాలా రోజులకు ఒకటి వచ్చింది, ఇకమీదట మాకు పంపవద్దని. ఏం రాసిండ్రని అక్క అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. పోనీలే, జవాబైతే ఇచ్చిండ్రు అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె ముందు ఏడవడం ఇష్టం లేక ఛార్జింగ్ అయిపోయిందని అబద్ధమాడి ల్యాప్‌టాప్ మూసేశాను.

శుక్రవారం మేస్త్రీ బండి వచ్చింది. హారన్ వినగానే మూటలు, గిన్నెలు, పిల్లలు అన్నీ ఇళ్లలోంచి బయటికి వచ్చాయి. షెడ్డులో పనిచేసేవాళ్లు సగం మంది ఎక్కారు. ఎక్కుతూ అక్కను పిలిచారు. మేస్త్రీ కూడా పిలిచాడు, ఇప్పుడు రాకపోతే మళ్లీ పని దొరకదన్నాడు. అక్క దడి పట్టుకుని నిలబడింది. ఏ జవాబూ రాలేదని ఆమెకు తెలుసు. నేను నోరు తెరిచి పొమ్మనలేకపోయాను, ఉండమనలేకపోయాను.

“రేపు శనారం” అంది అక్క, ఇంకెవరితోనో అన్నట్టు. బండి పోయింది. దుమ్ము చాలాసేపు గాల్లోనే ఉంది.

మర్నాడు నేనూ ఆమెతో భద్రాచలం పోయాను. హాస్టల్ గేటు ముందు తల్లులు, టిఫిన్ డబ్బాలు, అరటిపండ్ల తొక్కలు. అక్క కొంగులో రేగుపండ్లు కట్టుకొచ్చింది. లోపల ఒక్కో పేరే పిలుస్తున్నారు. అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. ఖమ్మం నుంచి ఒక క్యాటరింగ్ వాళ్ల మెయిల్. ఉత్తరం చూశామని, విస్తర్లు ప్రతినెలా కావాలని, ఉన్న సరుకంతా ముందు పంపమని రాశారు. చివర “మీరూ చల్లగా ఉండండి” అని ఉంది. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను. కళ్లు మసకబారి మూడో సారి చదవలేకపోయాను. అక్క శాలువా పట్టి లాగాను.

ఆమె నా వైపు చూడనే లేదు. పిల్ల వస్తోంది. పరుగెత్తి వస్తుందనుకున్నాను, మెల్లగా వచ్చింది, గట్టిగా అల్లిన రెండు జడలతో. వచ్చి అమ్మకు కొంచెం దూరంలోనే ఆగింది. అక్క దాని తల మీద చేయి పెట్టి సల్లగుండు బిడ్డా అంది. పిల్ల రేగుపండ్లు తీసుకోలేదు. అమ్మ ముఖంలోకే చూస్తూ నిలబడింది.

“నిరుడు గూడ నువ్వు వచ్చినవనే చెప్పిన అందరికి” అంది.

అక్క చేయి ఆ తల మీదే ఉండిపోయింది. రాబోయే శనివారాలకు మాటివ్వాలని ఉంది, ఇచ్చే ధైర్యం లేదు. నా వైపు తిరిగింది. అప్పటిదాకా నా చేతిలో ఫోను ఉన్న సంగతే ఆమె గమనించలేదు.

“వస్తనని చెప్పక్కా” అన్నాను. “జవాబొచ్చింది.”