అక్క కారుకు ముందు ఇరుసు ఎంచిన రోజు

నా చిన్నప్పుడు, మల్కాజ్‌గిరిలో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వారమంతా బడిలో లెక్కలు చెప్పేది, ఆదివారం చర్చిలో పాటలు పాడేది, వీలు దొరికిన శనివారం కారు పందెంలో దిగేది. ఈ మూడో పని వాళ్ల నాన్నగారికి నచ్చేది కాదు. కారు ఆయనదే. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా దానితో పందేలు ఆడినవారే కాబట్టి, ఏమేం జరగవచ్చో ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

అది తాబేలు వీపులాంటి కప్పుతో, లేతాకుపచ్చ రంగులో ఉండే పాతకాలపు విదేశీ కారు. ఇంజిన్ వెనక ఉంటుంది, సామాను పెట్టె ముందు ఉంటుంది. బరువంతా వెనకే కాబట్టి మలుపులో హఠాత్తుగా వేగం తగ్గిస్తే తోక బయటికి జారుతుంది. ఆ క్షణంలోనే స్టీరింగ్‌ను ఎదురు తిప్పి సర్దుకోవాలి. అక్కకు ఆ ఒడుపు తెలుసు. కానీ ముందు చక్రాలను పట్టి ఉంచే భాగాలన్నీ అరిగిపోయి ఊగుతుండేవి. ఆమె స్టీరింగ్ తిప్పిన సంగతి చక్రాలకు ఆలస్యంగా తెలిసేది. వరసగా రెండు పందేల్లో కారు గిర్రున తిరిగి పక్క గీత దాటి దారి బయటికి పోయింది. రెండోసారి, మలుపు గుర్తుగా పెట్టిన పీపా ఒకటి గుద్దుకుని ముందు దీపం పగిలింది.

ఆ సాయంత్రం నాన్నగారు అరుగు మీద కూర్చుని ప్రశాంతంగా చెప్పారు. "చూడమ్మా, ఈసారి కూడా బొంగరంలా తిరిగిందనుకో, ఇక నేను ఊరుకోను. ఊరేగింపు బళ్లాయన అడుగుతూనే ఉన్నాడు, తాళాలు ఆయన చేతిలో పెట్టేస్తాను."

ఊరేగింపు బళ్లాయన అంటే పాత కార్లకు పూలదండలు చుట్టి పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మనిషి. అక్క ముఖం మాడిపోయింది. "పెళ్లికొడుకుల్ని మొయ్యడానికా నాన్నా ఇది పుట్టింది?" అంది. ఆయన నవ్వలేదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ పక్క సందులో మెకానిక్ చాచా షెడ్డు ఉండేది. కారు మంచిచెడ్డలన్నీ చూసేది ఆయనే. ఎక్కడెక్కడో తిరిగి, అరిగినదాని బదులు బిగించడానికి, పాడైపోయిన రెండు కార్ల నుంచి రెండు ముందు ఇరుసులు తెచ్చాడు. ఒకటి పాత రకం. అందులో చక్రం కింగ్ పిన్ అనే లావుపాటి ఉక్కు కడ్డీ మీద తిరుగుతుంది. రెండోది ఆ తర్వాత వచ్చిన రకం, చక్రానికి పైనా కిందా గిన్నెలో గుండులా తిరిగే బాల్ జాయింట్లు ఉంటాయి. కొద్ది మార్పులతో రెండూ మా కారుకు సరిపోతాయి. మా కారు అంటున్నాను గానీ, దానిలో నా వాటా శనివారాలు దాని అద్దాలు తుడవడం వరకే.

అప్పుడు నేను ఏడో తరగతి. దేనికైనా పట్టిక గీయందే నాకు తోచేది కాదు. అక్క దగ్గరున్న పాత కార్ల పుస్తకం రెండు రోజులు చదివి, రూళ్ల కాగితం మీద పన్నెండు అంశాలు రాశాను: బరువు, చక్రం ఎంతమేర పైకీ కిందికీ కదులుతుంది, కుదుపు, తయారీ ఎంత కొత్తది, ఇలా. ఒక్కో అంశానికి ఒక్క మార్కు. బాల్ జాయింట్లకు తొమ్మిది వచ్చాయి, కింగ్ పిన్‌కు మూడు. కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి అక్కకు ఇచ్చాను. ఆమె కారును కాపాడింది నేనేనని ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ అనుకున్నాను.

మర్నాడు బడి అయ్యాక అక్క నన్ను షెడ్డుకు తీసుకెళ్లింది. కాగితం చాచాకు చదివి వినిపించింది. ఆయన గడ్డం గోక్కుని, "ఏందయ్యా ఇంజినీర్ సాబ్, గిన్ని లెక్కలా! నా పెండ్లికి సుత గిన్ని చూడలే" అన్నాడు. అక్క మాత్రం నవ్వకుండా, గోడకు ఆనించి ఉన్న రెండు సైకిళ్లు చూపించి వాటికి కూడా మార్కులు వేయమంది. ఒకటి చాచా కొడుకుది, ముందు స్ప్రింగులున్న మెరిసే సైకిల్. రెండోది చాచా సొంతం, రంగు పోయిన పాత సైకిల్. నేను క్షణం ఆలోచించకుండా కొత్తదాన్ని ఎంచాను.

"మంచిది. బరువు వెనకే పెడదాం, మన కారులాగా" అని, పక్క బండి వాళ్లను అడిగి అరబస్తా ఉల్లిగడ్డలు దాని క్యారియర్‌కు కట్టించింది. సందు చివర స్తంభం చుట్టూ తిరిగి రమ్మంది. స్తంభం దాకా బాగానే వెళ్లాను. మలుపు తిప్పగానే వెనక బరువు ఒకవైపు లాగింది. హ్యాండిల్ సర్దబోతే ముందు స్ప్రింగు గొట్టాలు టకటకా కొట్టుకుని చక్రం తనకు తోచిన వైపు పోయింది. నేనూ ఉల్లిగడ్డలూ కలిసే దొర్లాం. ఏరుకోవడానికి మార్కెట్ ఆడవాళ్లు నలుగురు వచ్చారు. "సైకిల్ రానోనికి బస్తా ఎవలు కట్టిన్రు?" అని ఒకావిడ నన్నే తిట్టింది.

నాకు ఉక్రోషం వచ్చింది. "ముందు వదులు ఉంది, బిగిస్తే సరిపోయేది" అన్నాను. అక్క పానా నా చేతికిచ్చింది. ఎంత వెతికినా ఎక్కడ బిగించాలో కనబడలేదు. చాచా పక్కన కూర్చుని, "దీంట్ల బిగిచ్చేది లేదు బిడ్డా. లోపల అరిగింది, మొత్తం మార్చాలె. గీ సామాన్ ఈడ దొరకదు. గందుకే మా పోరడు దీన్ని మూలకు వెట్టిండు" అన్నాడు. తర్వాత పాత సైకిల్ హ్యాండిల్ ఊపి చూపించాడు. దానికీ వదులు ఉంది. ఆయన పానాతో పావు చుట్టు తిప్పాడు, అంతే. బస్తా దాని మీదికి మారింది. ఈసారి కూడా మలుపులో తోక లాగింది గానీ, నేను తిప్పిన వైపే చక్రం తిరిగింది.

తిరిగి వచ్చేసరికి అక్క నా పట్టికను బల్ల మీద పరిచి ఉంచింది. "నీ పన్నెండూ నిజమే. ఒక్కటీ తప్పు కాదు. కానీ మనం పరిగెత్తేది మట్టిలో, గతుకుల్లో. వదులు రెండింటికీ వస్తుంది. వచ్చినప్పుడు పందెం మైదానంలో కూర్చుని చాచా దేని వదులు తీయగలడు?" అంది. చాచా కింగ్ పిన్ ఇరుసు పక్కనున్న మరను చూపించి, దాన్ని కాస్త తిప్పి సన్నటి వాషర్లు సర్దితే చాలన్నాడు. బాల్ జాయింట్ అరిగితే పారేసి కొత్తది వేయాల్సిందే, అది సికింద్రాబాద్ అంతా గాలించినా దొరకదన్నాడు. పదమూడో అంశం నేను రాయనే లేదు. అది మిగతా పన్నెండింటినీ మింగేసింది.

పాత రకం ఇరుసే బిగించారు. శనివారం పొద్దున మైదానంలో సున్నపు గీతలు, పీపాలు, దుమ్ము. ఒక్కో బండికి రెండు పరుగులు, రెండూ పూర్తి చేస్తేనే లెక్క. నాన్నగారు గొడుగు వేసుకుని ఒక మూల నిలబడ్డారు. ఊరేగింపు బళ్లాయన కూడా ఆయన పక్కనే ఉన్నాడు. మొదటి పరుగు గట్టెక్కింది గానీ, అక్క దిగుతూనే, "చాచా, ఎడమవైపు ఊగుతోంది" అంది. ఆయన జాకీతో కారు లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. నాకూ టక్కుమని వినబడింది.

"పరేషాన్ గాకు టీచరమ్మా, జెర ఆగు" అంటూ మట్టిలో చతికిలబడ్డాడు. వాషర్లు ఒక్కొక్కటిగా అందించింది నేను. పావుగంట పట్టింది. రెండో పరుగులో, చివరి పీపా దగ్గర, తోక జారింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కారు తిన్నగా చివరి గీత దాటుతోంది. అక్కకు వచ్చింది ఆరో స్థానం. బళ్లు మొత్తం తొమ్మిది.

నాన్నగారు నెమ్మదిగా వచ్చి, ఎడమ చక్రాన్ని తానే పట్టి ఊపి చూశారు. ఏమీ మోగలేదు. ఊరేగింపు బళ్లాయన వైపు తిరిగి, "మరోటి చూసుకోండి బాబూ, ఇది దొరకదు" అన్నారు. తర్వాత గొడుగు ముడిచి అక్క పక్క సీట్లో కూర్చున్నారు.

ఇప్పుడు నేను యంత్రాలు కొనేముందు వాటిని పోల్చి చూసే ఉద్యోగంలో ఉన్నాను. పట్టికలు ఇంకా గీస్తాను, అంశాలు నలభై దాకా పోతాయి. కానీ మొదటి వరస ఎప్పుడూ ఒకటే: పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎక్కడ కూర్చుని? అందులో ఒక మనిషి పేరు రాయగలిగాకే తక్కిన వరసలకు మార్కులు వేస్తాను.