ఈ రాత్రికి కాపు ఉండాది

1955 చలికాలం. బేతంచెర్ల నాపరాళ్ల గనుల చుట్టుపక్కల దొంగసారా పట్టుకోవడం నా ఉద్యోగం. ప్రొహిబిషన్ పెటీ ఆఫీసర్‌ని. నా కింద మస్తాన్ అనే గార్డు ఉండేవాడు. హోదాలో చిన్న, పనిలో నాకు గురువు.

రాత్రి కాపలాలో కొత్తవాడు చేసే మొదటి తప్పు టార్చి వెయ్యడం. దానితో మనకు నాలుగు గజాలు కనబడితే, మనం మైలు దూరానికి కనబడతాం. మస్తాన్ నా టార్చి అద్దానికి గుడ్డ కట్టించాడు, బీడీ మాన్పించాడు. సారాబట్టీని చేత్తోనే వెతికేవాడు.

"కండ్లు మోసం చేస్తాయి సార్. చెయ్యి తిరగేసి పెట్టి సూడు. ఎండకు కాగిన రాయి నడిజాముకు చల్లబడతాది. అప్పుడు కూడా ఎచ్చగుంటే పక్కన పొయ్యి ఉండాదని లెక్క."

ఒక సాయంత్రం టీకొట్టు ఆయన కబురు తెచ్చాడు. గనికూలీ ఓబులేసు తన తల్లితో "ఈ రాత్రికి కాపు ఉండాది, రాళ్లు బాగా కాలాల" అంటుంటే విన్నాడట. మా ఉద్యోగంలో కాపు అంటే ఒక్కటే అర్థం, సారా కాచడం.

పాతగని అంచున పలకల దొంతుల వెనక పొంచి కూర్చున్నాం. గుంతలో మంట బయటికి కనబడకుండా బండలు అడ్డం పెట్టి ఉన్నాయి. మస్తాన్ పాకుతూ పోయి, ఒక బండ మీద చెయ్యి తిరగేసి పెట్టి, తల ఊపాడు. ఓబులేసు వచ్చి గోనెలో ఏదో చుట్టుకొని పోతున్నాడు. మూడుసార్లు అలా జరిగింది. సరుకు కొనేవాణ్ణి కూడా పట్టుకోవచ్చని గంటకు పైగా ఆగాను. దగ్గు వస్తే తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. బాగా దాక్కున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నాలుగోసారి ఈల ఊదాను. మస్తాన్ వాడి రెక్కలు విరిచి పట్టుకున్నాడు. పక్కనున్న నీళ్ల కడవెత్తి మంట మీద కుమ్మరించాను. కాలిన రాళ్లు పటపటా పగిలాయి. గోనె విప్పితే సీసాలు లేవు. అరచెయ్యంత నాపరాతి ముక్కలున్నాయి.

"బిడ్డకు సార్" అన్నాడు ఓబులేసు. "ఏడో నెలలోనే పుట్టినాది. తల్లికి జ్వరం. బిడ్డ ఒళ్లు చల్లబడతాంటే కాపు పెడతాండాం. గుడిసె బోదగడ్డిది, గాలికి అంటుకుంటాదని రాళ్లు ఈడ కాలుస్తాండా."

కాపు పెట్టడమంటే వేడి పట్టడమని నాకు తెలియక కాదు. బెణికిన నా కాలికి మా అమ్మ ఎన్నిసార్లు పెట్టలేదు? ఆ సాయంత్రం గుర్తు రాలేదు, అంతే.

అవతలి గుడిసెలోంచి ఓబులేసు ముసలితల్లి కేక వేసింది. "రాయి యాడరా? బిడ్డ సల్లగైతాండాది!"

గుంత తడిసిపోయింది. మరో చోట కంపలు విరిచి మేమే మంట వేశాం. కొత్త రాళ్లు కాలడానికి శానాసేపు పట్టింది. అంతవరకూ ముసలామె బిడ్డను రొమ్ముకు హత్తుకొని కూర్చుంది. తెల్లవారకముందే బిడ్డ పోయింది. నెలలు తక్కువైనందుకో, రాళ్లు చల్లారినందుకో చెప్పగలిగేవాళ్లు లేరు. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఓబులేసు తిట్టలేదు. "నేను వచ్చిపోయినప్పుడల్లా ఈడనే ఉండారా సార్?" అని అడిగాడు. అవునన్నాను.

"అడిగింటే చెప్పేవాణ్ణి గదా సార్."

ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చీకట్లో పొంచి కూర్చున్నాను. మనిషి చేతికందేంత దగ్గరికి వచ్చాక, ఈలకు ముందు "ఏం పనప్పా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ మాట వినగానే పరుగెత్తి తప్పించుకున్న సారావాళ్లు కొందరున్నారు. పైఆఫీసరు సంజాయిషీ అడిగినప్పుడల్లా, పోతే పోయారని రాయలేక, చీకటిగా ఉండిందని రాసిచ్చాను.