మూతలు తీసే ఎవాంథియా

గ్రీసు దేశంలో కవాలా రేవు దగ్గర హోటళ్ళు నడిపేవాళ్ళకు పోలీసులంటే భయం లేదు. ఆరోగ్య శాఖవాళ్ళంటే అంతకన్నా లేదు. ఎవాంథియా అంటే మాత్రం ఉండేది. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసిందంటే చాలు, చేతిసంచీ చంకన పెట్టుకుని, మొగుణ్ణి వెంటేసుకుని ఆవిడ ఎవరి గుమ్మం తొక్కుతుందోనని అందరూ ఓ కన్ను వీధి మీదే వేసి ఉంచేవారు. మొగుడు పాండెలిస్ వెళ్ళి మూల బల్ల చూసుకుని కూర్చునేవాడు. ఆవిడ కూర్చునేది కాదు. తిన్నగా వంటింట్లోకి నడిచేది.

వంటింట్లోకి వెళ్ళడం అక్కడ తప్పేమీ కాదు. పొయ్యి మీద గిన్నెలు చూసుకుని, ఇది ఇంత పెట్టు, అది కాస్త పెట్టు అని చెప్పి రావడం అందరూ చేసేదే. కాకపోతే అందరూ తొంగిచూసి వస్తారు. ఎవాంథియా అలా కాదు. ఒక్కో మూతా తీసి, ఆవిరి మీదకు ముఖం వంచి, కళ్ళు మూసుకుని వాసన పీల్చేది. పెళ్ళి కాకముందు నుంచీ పొగాకు గిడ్డంగిలో ఆకులు ఏరిన మనిషి. ఏ ఆకు ఏ కొండ వాలులో పండిందో వాసన చూసి చెప్పేదట. అలాంటి ముక్కు ముందు నిన్నటి పులుసును ఇవాళ్టిదని దాటించడం ఎవరి తరం?

“ఈ చిక్కుళ్ళు నిన్న రాత్రివి. పాత గోడకు సున్నం కొట్టినట్టు పైన కొత్త నూనె పోశావు, అంతేగా?” అనేది. వంటవాడు గబగబా మూత పెట్టేసేవాడు.

ఒకసారి నీటి ఒడ్డున కొత్తగా తెరిచిన హోటలుకు వెళ్ళారు. గోడ నిండా వంటకాల రంగు బొమ్మలు, బల్లల మీద గుడ్డ పువ్వులు. వంటింట్లోకి రానివ్వం అన్నారు. అప్పుడే ఆవిడ ముఖం మారిపోయింది. కణవ చేప వేయించి తెచ్చారు. ఓ ముక్క కొరికి, యజమానిని పిలిచింది.

“ఇది ఎప్పుడు పోయింది నాయనా? కబురు పెడితే మట్టికి వచ్చేవాళ్ళం కదా!”

చుట్టుపక్కల బల్లలవాళ్ళు పగలబడి నవ్వారు. పాండెలిస్‌కు బల్ల కింద దూరిపోదామా అనిపించింది. బతుకంతా అతనికి ఇదే అవస్థ. ఊరి బస్సు నడిపి పదవీ విరమణ చేసిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, నోట్లో నాలుక లేనివాడని పేరు. “ఊరుకోవే, నలుగురూ చూస్తున్నారు. తిని పోదాం” అని గొణిగేవాడు. “నీకేం, గడ్డి పెట్టినా తింటావు. నీ నాలుక తపాలా బిళ్ళలు అంటించుకోవడానికే పనికొస్తుంది” అని ఆవిడ అందరి ముందూ కడిగేసేది. ఏం చేస్తాడు, నవ్వేసేవాడు.

అలాగని ఆవిడకు ఏదీ నచ్చదని కాదు. రేవు చివర ఓ ముసలమ్మ నాలుగు బల్లలు వేసుకుని చిన్న చేపలు కాల్చి పెట్టేది, అప్పుడే పడవ దిగినవి. వాటి మీద నిమ్మకాయ పిండి, చేత్తో ఎత్తుకుని తలా తోకా వదలకుండా తినాలి. అక్కడ ఎవాంథియా ఒక్క మాట మాట్లాడేది కాదు. వేళ్ళ నుంచి నూనె కారుతుంటే సముద్రం వైపు చూస్తూ తినేది. ఆ మౌనమే మెచ్చుకోలు. అలాంటి మధ్యాహ్నాలు పాండెలిస్‌కు పండగలు. ముసలమ్మ పోయాక ఆ బల్లలూ పోయాయి.

ఇక మిగిలింది సరాండిస్. చేపల బజారు వెనక సందులో వాడి హోటలు. వంట వాడిది, వడ్డన పెళ్ళాం డోమ్నాది. పాతికేళ్ళ పైమాటే, నెలకో రెండు ఆదివారాలైనా ఎవాంథియా అక్కడికే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంక. దాల్చినచెక్క ఎక్కువైంది, టమాటా పచ్చివాసన పోలేదు, మాంసం ఇంకో పావుగంట ఉడకాలి. ఆవిడ నోట వాడు సంపాదించుకున్న గొప్ప బిరుదు ఒకటే, “తినొచ్చు.” ఆ మాట వచ్చిన రోజు సరాండిస్ సాయంత్రం దాకా ఈలవేసుకుంటూ గిన్నెలు తోమేవాడు. “ఎప్పటికైనా అక్క చేత ‘బాగుంది’ అనిపించుకోకపోతే నా పేరు సరాండిసే కాదు” అని డోమ్నా దగ్గర ప్రతిజ్ఞలు చేసేవాడు. “అయితే ఇప్పట్నుంచే ఇంకో పేరు వెతుక్కో” అనేది డోమ్నా.

అలాంటి ఎవాంథియాకు గొంతులో గడ్డ లేచింది.

థెస్సలోనికీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కరెంటు పెట్టించారు. వారాల తరబడి పెట్టారు. గడ్డ కరిగింది. దానితోపాటు ఆవిడ ఒళ్ళూ కరిగింది. గొంతు బొంగురుపోయింది, నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది, పక్కన నీళ్ళ సీసా లేనిదే కూర్చోదు. “రుచి కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఓపిక పట్టాలి” అన్నాడు డాక్టరు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పాండెలిస్ భయం భయంగా అడిగాడు.

“రుచి తెలుస్తోందటే?”

“తెలియకేం? శుభ్రంగా తెలుస్తోంది. నా నోట్లో సంగతులు నీకెందుకు, నువ్వు రోడ్డు చూసి నడు” అంది.

ఆ కసురు వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. మరుసటి ఆదివారం ముస్తాబు చేసి రేవు దగ్గరి ఓ హోటలుకు తీసుకెళ్ళాడు. ఎప్పటిలా మూల బల్ల చూసుకుని కూర్చున్నాడు. ఆవిడ వచ్చి పక్కనే కూర్చుంది.

“లోపలికెళ్ళవా?” అన్నాడు.

“కాళ్ళు నొప్పులు. ఏదో ఒకటి తెప్పించు.”

ఏదో ఒకటి! ఆ మాట ఆవిడ నోట ఎన్నడైనా విన్నాడా? తెచ్చినది తిన్నది. ఎలా ఉందంటే “బాగుంది” అన్నది. తరవాతి వారం ఇంకో చోట, అక్కడా “బాగుంది.” చివరికి ఆ రంగు బొమ్మల హోటలుకు కావాలనే తీసుకెళ్ళాడు. అట్టముక్కలాంటి చేప పెట్టారు. ఎవాంథియా దాన్ని నమిలి మింగి, మూతి తుడుచుకుని, “బాగుంది” అన్నది. పాండెలిస్ డబ్బులిచ్చేసి లేచాడు. ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాడు.

అయినా మనసు ఊరుకుంటుందా? నాలుక పోలేదు, కోపం పోయింది, అంతే, అనుకున్నాడు. రోగంతో మనిషి నీరుగారిపోయింది. ఎవరైనా ఒక్కసారి కోపం తెప్పిస్తే అన్నీ వాటంతటవే తిరిగొస్తాయి. ఇది తోచాక అతనికి కాలు నిలవలేదు. పొద్దున్నే సరాండిస్ వంటింటికి పరిగెత్తాడు.

సరాండిస్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. “అక్కకెలా ఉంది బావా?”

“బాగుంది అంటోంది.”

“మంచిదేగా!”

“ఏం మంచిదిరా, నీ మొహం! అన్నిటికీ అదే మాట. ఆ బొమ్మల హోటల్లో చేప తిని కూడా బాగుందన్నది.”

సరాండిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. “ఆ చేపనా?”

“ఆ చేపనే. అందుకే నీ దగ్గరికొచ్చాను. ఆదివారం యువెచి చెయ్యి.” మట్టికుండలో మేకమాంసం, గోధుమ పలుకులు వేసి పొయ్యిలో పెట్టి ఉడికించే ఆ వంటకం సరాండిస్ చేతి గొప్ప. “చేసి పాడు చెయ్యి. దాల్చినచెక్క వెయ్యకు. ఉప్పు గుప్పిళ్ళతో పొయ్యి.”

“నీకు మతి పోయిందా బావా? మా నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు.”

“ఒక్క కుండ. మా ఇద్దరికే.”

“చేతులు రావు. చిన్నప్పట్నుంచీ ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను, కావాలని ఒక్క గింజ పాడుచెయ్యలేదు.”

“ఒరేయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ ఒక్కసారి ఆ కుండ నీ మొహాన కొట్టి, నలుగురిలో నిన్ను చెడతిట్టాలి. నాకింకేమీ వద్దు.”

అంత పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సరాండిస్ ఏమంటాడు? ఉల్లిపాయల వంక పెట్టి తనూ కళ్ళు తుడుచుకున్నాడు. “సరే. కానీ తిట్టాక అసలు సంగతి అక్కకు చెప్పాలి. అప్పటికప్పుడు ఇంకో కుండ తెచ్చి పెడతాను, మంచిది” అన్నాడు. అలాగే అనుకున్నారు.

ఆదివారం మబ్బు పట్టింది. ఎవాంథియా ఆకుపచ్చ కోటు వేసుకుంది. అది ఇప్పుడు ఆవిడకు ఇద్దరు పట్టేంత వదులు. వచ్చి బల్ల దగ్గర కూర్చుంది, వంటింటి వైపు చూడనైనా లేదు. డోమ్నా రొట్టె తెచ్చింది, నీళ్ళు తెచ్చింది. సరాండిస్ కుండ స్వయంగా పట్టుకొచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా బల్ల మీద దించాడు. వడ్డించి, రెండడుగులు వెనక్కి వేసి, శిక్ష కోసం చూసేవాడిలా నిలబడ్డాడు.

ఎవాంథియా చెంచాడు నోట్లో పెట్టుకుంది. నమిలింది.

ఇప్పుడు లేస్తుంది, అనుకున్నాడు పాండెలిస్. ఇప్పుడు చెంచా విసిరేస్తుంది. ‘ఏరా సరాండిస్, సముద్రం దగ్గరే ఉందని దాన్ని కూడా కుండలో పోశావా?’ అంటుంది. ఆ తిట్టు అతను పడుకున్నప్పుడల్లా మనసులో అల్లి పెట్టుకున్నాడు.

ఆవిడ రెండో చెంచా తీసుకుంది. మూడోది కూడా.

పాండెలిస్ తనూ నోట్లో పెట్టుకున్నాడు. నాలుక భగ్గుమంది. గొంతు పట్టుకుపోయింది. మేక లేదు, టమాటా లేదు, ఉత్త ఉప్పు. మింగడానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం తలవంచుకుని నిదానంగా, బడిపిల్లలా శ్రద్ధగా తింటోంది.

“చాల్లేవే. అరగదు నీకు” అంటూ పళ్ళెం వైపు చెయ్యి చాచాడు. ఎండిన గొంతు, కాలిన గొంతు, దాంట్లోకి ఈ ఉప్పు తనే పోయిస్తున్నాడు.

ఎవాంథియా అతని చేతి మీద చెంచాతో కొట్టింది. “ఉండవయ్యా! ఎన్నాళ్ళకు ఆకలేసింది, తిననీ. నువ్వూ తిను. అలా కెలుకుతావేం, వాడు చూస్తున్నాడు.”

ఇంకేం అంటాడు? తను తినకపోతే ఆవిడకు తెలిసిపోతుంది. తిన్నాడు. ఆవిడ పళ్ళెం ఖాళీ చేసింది. రొట్టె తుంపి, అడుగున మిగిలిన గుజ్జంతా అద్దుకుని అదీ తిన్నది. తరవాత తలెత్తి సరాండిస్‌ను పిలిచింది. హోటలంతా చెవులు రిక్కించింది. పాతవాళ్ళకు ఆ పిలుపు తెలుసు.

“ఇలా రా.”

వచ్చాడు.

“ఇన్నేళ్ళూ నిన్ను తిట్టిపోశాను కదూ? ఇవాళ చెబుతున్నాను, విను. బాగుంది. దాల్చినచెక్క ఎంత పడాలో అంతే పడింది. ఇన్నాళ్ళకు వంట నేర్చుకున్నావురా. నీ చేతులు చల్లగుండ.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో “సాధించావు సరాండిస్!” అని కేకేశారు. సరాండిస్ వంగి ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుని, గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. పొయ్యి పక్కన మంచి కుండ మూత పెట్టి సిద్ధంగా ఉంది. దాన్ని దాటుకుని వెనక గుమ్మంలో కూలబడి, నడుముకు కట్టుకున్న గుడ్డతో నోరు నొక్కుకుని ఏడ్చాడు. డోమ్నా వాడి వీపు నిమురుతూ నిలబడింది.

తిరుగు దారిలో ఎవాంథియా పాండెలిస్ చెయ్యి పట్టుకుని నడిచింది. సీసాలో నీళ్ళు సందు దాటకుండానే అయిపోయాయి. మలుపులో బడ్డీకొట్టు దగ్గర ఆగి ఇంకో సీసా కొనిపించుకుని గడగడా తాగేసింది.

“ఇవాళ ఇంత దాహమేమిటయ్యా నాకు?”

“ఎండ కదా” అన్నాడు.

ఆవిడ మబ్బుల వైపు చూసింది. కొంత దూరం పోయాక ఆగింది. అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పాండెలిస్, నిజం చెప్పు. అందులో ఉప్పెక్కువైందా?”

నోట్లో ఇంకా మంటగానే ఉంది. ఆవిడ కళ్ళు అతని మీదే ఉన్నాయి. తీర్పు అతన్ని అడగడం ఇదే మొదటిసారి.

“లేదే. సరిపోయింది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. “హమ్మయ్య. వాణ్ణి ఊరికే పొగిడి నవ్వులపాలయ్యానేమోనని బెంగపడ్డాను” అని మళ్ళీ నడక మొదలుపెట్టింది. “అయితే వచ్చే ఆదివారం కూడా అక్కడికే వెళదాం. అచ్చం ఇలాగే చెయ్యమని చెప్పు.”

“చెబుతాను” అన్నాడు పాండెలిస్.